స్టెప్నీ వేరు, పంటుకు కట్టిన టైరు వేరు

బుజ్జిగా, అమ్మడూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం, గుర్తుందా? అవతల సఖినేటిపల్లి ఒడ్డు దగ్గర పడుతుంటే బుజ్జిగాడు నా పంచె లాగి ఒక ప్రశ్న వేశాడు. "తాతయ్యా, పంటు అంచులకు పాత టైర్లు కట్టింది రేవుకు కొట్టుకోకుండానే కదా? మరి ఆ జీపు వెనక కూడా టైరుంది. దాన్ని ఎవరైనా వెనకనుంచి గుద్దినా ఏమీ కాదన్నమాట!" ఇంజిను మోతలో నేను "ఆఁ, అంతేరా" అనేశాను. ఇంటికొచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లు టింకరింగ్ షెడ్డు నడిపినవాణ్ని, మనవడికి తప్పు చెప్పి పంపానే అని.

సరిగ్గా చెప్పాలంటే, ఆ టైరు వల్ల జీపుకు దెబ్బ తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

ముందు పంటు సంగతి చూద్దాం. మనుషులు, మోటారుసైకిళ్లు, రెండు కార్లు, అన్నీ కలిపి అది 20 టన్నులుందనుకోండి. రేవు దగ్గర పడేటప్పటికి ఎంత నెమ్మదిగా వస్తుంది? సెకనుకు అర మీటరు, ముసలివాడి నడక. అమ్మడూ, నువ్వు తొమ్మిదో తరగతిలో చేసిన లెక్కే ఇది: బరువును వేగంతో గుణించి, మళ్లీ అదే వేగంతో గుణించి, సగం చెయ్యి. 20,000 కిలోలు, అర మీటరు. 2,500 జౌళ్లు వస్తాయి. అంత పెద్ద పంటులో ఉన్న ఊపు ఆ కాస్తే.

ఇప్పుడు కారు స్టెప్నీ ఒక్కటే తీసుకోండి. రిమ్ముతో కలిపి 20 కిలోలు. కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతోంది, అంటే సెకనుకు 15 మీటర్లు. అదే లెక్క చేస్తే 2,250 జౌళ్లు. చూశారా! జనంతో నిండిన పంటు రేవును తాకేటప్పుడు ఎంత ఊపుతో ఉంటుందో, కారు డిక్కీలో పడుకున్న ఒక్క చక్రంలో దాదాపు అంత ఊపుంటుంది. మొత్తం కారు 1,500 కిలోలనుకుంటే 1,68,750 జౌళ్లు. పంటును ఆపగలిగిన టైరే కదా అని దాన్ని కారుకు అడ్డంపెడితే, దాని మీద దాదాపు 70 పంటుల ఊపు మోపినట్టు. వేగాన్ని రెండుసార్లు గుణిస్తాం కదా, అదీ అసలు కిటుకు.

ఇంకోటి మీ కళ్లతోనే చూశారు. పంటు టైరుకు తగలగానే ఏం చేసింది? ఒక అడుగు వెనక్కి జరిగింది. కళాసీ తాడు విసిరి మళ్లీ లాగాడు. రబ్బరు గుణం అది. దెబ్బను లోపల దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. పంటు దగ్గర ఫరవాలేదు, తాడుంది, కళాసీ ఉన్నాడు. కారులో కూర్చున్న మనిషికి మాత్రం ముందుకో తోపు, వెనక్కో తోపు తగిలితే మెడ పట్టేస్తుంది. కారుకు కావాల్సింది దెబ్బను తినేసి తిరిగి ఇవ్వని వస్తువు. ఇనప రేకు అలాంటిది. ఒకసారి నలిగిందా, ఇక లేవదు.

నలగడమంటే దెబ్బను తినడం ఎలాగవుతుందో కూడా చూడండి. కట్టుతీగ ముక్క ఒకటి తీసుకుని ఒకే చోట గబగబా పదిసార్లు అటూ ఇటూ వంచండి. తెగకముందే ఆ వంపును పై పెదవికి ఆనించండి. వెచ్చగా ఉంటుంది. మీ చేతిలో బలమే అక్కడ వేడిగా మారింది. కారు గుద్దుకున్నప్పుడు రేకులు ముడతలు పడేదీ ఇలాగే, ఊపంతా ఆ ముడతల్లో వేడిగా మారిపోతుంది. (తీగ కొస కంటి దగ్గరకు తేకండి. అమ్మ చూసిందంటే నన్ను తిడుతుంది.)

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. మీ నాన్నకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

ఇరవై ఏళ్ల కిందట రొయ్యల చెరువులున్న ఒక రైతుగారు తన జీపును షెడ్డుకు తెచ్చారు. వెనక డోరుకు స్టెప్నీ ఉండే రకం. రాత్రిపూట చెరువుగట్టు మీద రివర్సు తీస్తూ కరెంటు స్తంభానికి ఆనించారు. గుద్దడం కూడా కాదది, ఆనించడమే. టైరుకు గీత పడలేదు. స్తంభానికి కాస్త సున్నం రాలిందట. డోరు మాత్రం మధ్యలో సొట్టపడి గిన్నెలా అయింది, అద్దం పొడిపొడిగా రాలిపోయింది, బందులు వంకరపోయాయి. ఎందుకో చూడండి. బంపరు ఎక్కడుంది? కింద. దాని వెనక చాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) పట్టాలున్నాయి, దెబ్బ కాయడానికే ఉన్నాయవి. స్టెప్నీ ఏమో బంపరు కన్నా జానెడు బయటకు పొడుచుకొచ్చి ఉంది. కాబట్టి స్తంభం ముందు దాన్నే తాకింది. టైరు ఆ దెబ్బను తనలో ఉంచుకోకుండా వెనకున్న బ్రాకెట్టుకు, బ్రాకెట్టు డోరు రేకుకు, రేకు బందులకు అందించాయి. బంపరు పాపం చూస్తూ ఊరుకుంది.

రైతుగారు "మేస్త్రీగారూ, ఈసారి జన్మలో వంగకుండా చేసెయ్యండి" అన్నారు. నేను "ఆయ్, అలాగేనండి" అని, మందపాటి ఇనప యాంగిల్ తీసుకుని, డోరు మీద బ్రాకెట్టు తీసేసి, చాసిస్ నుంచే ఒక చెయ్యి లేపి, దానికి స్టెప్నీ బిగించాను. ఆ చేతిని పట్టుకుని ఇద్దరం ఊగినా కదల్లేదు. కుర్రాళ్లను పిలిచి మరీ చూపించుకున్నాను.

ఆరు నెలలు తిరక్కుండానే జీపు మళ్లీ వచ్చింది. రైలు గేటు దగ్గర ఆగి ఉంటే వెనకనుంచి ఒక లారీ వచ్చి తగిలిందట. నా వెల్డింగు చెక్కుచెదరలేదు. చాసిస్ పట్టాలు రెండూ వెనక చక్రాల దగ్గర మడతపడ్డాయి. వెనక సీట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. వంగాల్సిన చోట వంగనివ్వకపోతే, వంగకూడని చోట వంగింది. ఆ చెయ్యి రెండు వందల రూపాయల ఇనుము, చాసిస్ పనికి జీపు ఖరీదులో నాలుగో వంతు అయింది. రైతుగారు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇందులో ఇంకా సిగ్గుపడాల్సింది ఏమిటంటే, దీనికి జవాబు అప్పటికే పాతబడిపోయింది. మెర్సిడెస్ బెంజ్‌లో పనిచేసిన బేలా బరేని అనే ఇంజనీరు, మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, ముందూ వెనకా నలిగిపోవాలి అని 1952లోనే పేటెంటు తీసుకున్నాడు. 1959లో ఆ పద్ధతిలో కారు కూడా వచ్చింది. నేను మాత్రం కదలకపోవడమే బలం అనుకుంటూ అంతకాలం షెడ్డు నడిపాను.

మరి స్టెప్నీని పట్టుకునే బ్రాకెట్టు ఎలా ఉండాలి? రెండు పనులు ఒకేసారి చెయ్యాలి. మామూలుగా గతుకుల్లో ఇసుమంత కదలకూడదు. పెద్ద దెబ్బ తగిలితే మొట్టమొదట అదే లొంగాలి. అందుకే బాగా ఆలోచించి చేసిన బ్రాకెట్ల కాళ్లలో కావాలనే ఒక గాడి పెడతారు, లేదా వంపు తిప్పుతారు. ఎక్కడ మడతపడాలో ఇనుముకు ముందే చెప్పి ఉంచడమన్నమాట. బోల్టు రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా కోలగా కోస్తే, దెబ్బకు బోల్టు అందులో రాసుకుంటూ జారుతుంది, ఆ రాపిడిలోనూ కొంత ఊపు పోతుంది. కొన్ని బళ్లలో డోరు మధ్యలో పడే బరువును లోపలనుంచి ఒక గట్టి పట్టీ బందుల దాకా, గడియ దాకా పంచుతుంది.

కారు కింద స్టెప్నీ పడుకోబెట్టే బళ్లది ఇంకో చిక్కు. డిక్కీ కింద, రెండు పట్టాల మధ్య ఉంటుంది చక్రం. వెనకనుంచి గట్టిగా గుద్దితే డిక్కీ అంతా నలగాలి కదా, కానీ మధ్యలో ఈ ఇనప రిమ్ము ఉంది. అది నలగదు. ఆపైన గుద్దు దాని వెనకనుంచి ముందుకు పోయి ఇరుసు మీదో, సీటు కింద ఉన్న పెట్రోలు ట్యాంకు మీదో పడుతుంది. దీనికి తయారీవాళ్లు వేసిన ఎత్తు నాకు భలే నచ్చింది. చక్రాన్ని పూర్తిగా చదునుగా పెట్టకుండా, ఒక అంచు కాస్త ఎత్తులో ఉండేట్టు బిగిస్తారు. వెనకనుంచి తోపు రాగానే చక్రం నేరుగా ముందుకు దూసుకుపోకుండా, గోడకు తగిలిన చేటలా ఒక పక్కకు లేస్తుంది. పడుకుని ఉంటే 65 సెంటీమీటర్ల జాగా ఆక్రమించేది, నిలబడేసరికి దాని మందమంతే పడుతుంది. మిగిలిన జాగా అంతా రేకులు నలగడానికి దొరుకుతుంది. ట్యాంకూ బతుకుతుంది.

ఇంతవరకు వెనకనుంచి గుద్దితే సంగతి చెప్పాను. మన కారే పోయి దేన్నయినా గుద్దితే? అమ్మడూ, ఇక్కడ నువ్వు కాగితం తీసుకో. కారు ముక్కు అర మీటరు నలిగి ఆగింది. స్టెప్నీ గట్టిగా బిగించి ఉంటే, అదీ కారుతోపాటే ఆ అర మీటరులోనే ఆగుతుంది. 2,250 జౌళ్లను అర మీటరుతో భాగిస్తే 4,500 న్యూటన్లు. మన కళ్లంలో 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరు పెడితే ఎంత బరువో, బోల్టు మీద అంత. అదే బోల్టు వదులుగా ఉండి చక్రం ఊడితే, కారు ఆగిపోయినా అది ఆగదు. అదే వేగంతో వచ్చి వెనక సీటును గుద్ది, అయిదు సెంటీమీటర్లలో ఆగుతుంది. భాగించు. 45,000 న్యూటన్లు. అరవై బస్తాలు! అదే చక్రం, అదే వేగం. ఆగడానికి దొరికిన దూరం ఒక్కటే మారింది.

దొడ్లో కొబ్బరికాయ బోదెలోని బురదలో పడితే ఊరికే దిగబడుతుంది, సిమెంటు గట్టు మీద పడితే పగులుతుంది. ఇదీ అదే లెక్క. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడమంటే పదకొండున్నర మీటర్ల ఎత్తునుంచి పడినట్టు. మన నూతి దగ్గర చెట్టు గెలలు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి.

లారీల సంగతి ఎక్కువ రాయను. వాటి స్టెప్నీ మోయడానికి ఇద్దరు కావాలి, అది రోడ్డు మీద ఊడిపడితే వెనకొచ్చేవాడి గతి మీరే ఊహించుకోండి. మన కోనసీమ ఉప్పుగాలికి గొలుసులు, క్లాంపులు తుప్పుపట్టి పలచబడతాయి. రావులపాలెం హైవే పక్కన టీ తాగుతూ నేను ఇప్పటికీ ఆగి ఉన్న లారీల కింద తొంగి చూస్తుంటాను. డ్రైవర్లు అనుమానంగా చూస్తారు, పోనీ.

అన్నట్టు స్టెప్నీ అనే మాట ఎక్కడిదో మీ బడిలో అడగండి, ఎవరూ చెప్పలేరు. వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊరుంది. అక్కడ స్టెప్నీ వీధిలో 1904లో డేవిస్ అన్నదమ్ములు అదనపు చక్రం అమ్మడం మొదలుపెట్టారు. అప్పటి కార్లకు అసలు అదనపు చక్రమే ఉండేది కాదు. చక్రానికి ఆ పేరు వాళ్ల దగ్గర మరుగునపడింది కానీ మన మెకానిక్కుల నోట్లో ఇంకా బతికే ఉంది. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారులో అయితే స్టెప్నీ ముందు వైపు ఉండేది, దాంట్లోని గాలితోనే అద్దం కడిగే నీళ్లు చిమ్మేవి. టైరుతో మరో పని చేయించుకోవడమంటే అదీ.

కొత్త కార్లలో కొన్నిటికి స్టెప్నీయే ఉండదు. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు వేసుకునే కిట్టు, గాలి తగ్గితే చెప్పే పరికరం ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదని 2020లో మన కేంద్ర ప్రభుత్వం నిబంధన మార్చింది. బరువు తగ్గింది, డిక్కీలో జాగా మిగిలింది, ఇంతసేపు నేను చెప్పిన బాధలూ పోయాయి. అయినా రాత్రిపూట మా లంకల రోడ్డు మీద టైరు పక్కగోడ చీరితే ఆ కిట్టు ఏం చేస్తుంది? నా ఓటు స్టెప్నీకే.

ఇక మీ నాన్న కారు. మీరు వచ్చేటప్పుడు సిద్ధాంతం వంతెన దాటాక వెనకనుంచి టకటకమని చప్పుడొస్తోందని అమ్మడు చెప్పింది. బయల్దేరేరోజు తెల్లవారుజామున, మీరింకా లేవకముందే, డిక్కీలో పట్టా ఎత్తి చూశాను. స్టెప్నీ మధ్యలో చేత్తో తిప్పే పెద్ద మర ఒకటుంటుంది. అది వేలితో ముట్టుకోగానే తిరిగింది, మూడు చుట్లు. కింద జాకీ అటూ ఇటూ దొర్లుతోంది. మరను బిగించి, జాకీకి గోనెపట్టా చుట్టి పక్కన ఇరికించాను. నాన్నకు చెప్పలేదు, నామోషీ పడతాడు.

ఇప్పుడు చప్పుడు వస్తోందో ఆగిందో చూసి రాయండి. వస్తుంటే అది స్టెప్నీ కాదు, వెనక ఎడమవైపు షాక్ అబ్జార్బర్ బుష్ అయ్యుంటుంది.

మీ తాతయ్య