బానిసత్వం మీద అపోహలు - వాస్తవాలు: ముందు ఆ కాగితం ఎవరు రాశారో చూడండి

అమెరికాలో బానిసలుగా బతికినవాళ్లు రాసుకున్న ఆత్మకథలు పాఠం చెప్పడం నా పని. ఏటా కొత్త బ్యాచ్ వస్తుంది, అపోహలు మాత్రం పాతవే వస్తాయి. అందులో ఒకటి నేను కూడా నమ్మి ప్రచారం చేసిందే కాబట్టి దాంతోనే మొదలుపెడతా.

అపోహ: "నేను వెయ్యి మంది బానిసల్ని విడిపించాను, తాము బానిసలమని వాళ్లకి తెలిసుంటే ఇంకో వెయ్యి మందిని విడిపించేదాన్ని" అని హ్యారియట్ టబ్‌మన్ అంది.

ఆవిడ ఫోటో పక్కన ఈ మాట వేసి తెగ ఫార్వర్డ్ చేస్తుంటారు. మొదటి ఏడాది నేనే స్లయిడ్‌లో పెట్టాను, పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత వెతికితే ఆవిడ అలా అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. తాను బానిసత్వం నుంచి పారిపోయొచ్చాక ఆవిడ దాదాపు 13 సార్లు మేరీల్యాండ్‌కి తిరిగెళ్లి 70 మంది దాకా బయటికి తెచ్చింది, 19 సార్లు 300 మంది అనేది ఆవిడ మీద తొలి పుస్తకం రాసినావిడ పెంచి చెప్పిన లెక్క. 1863 జూన్‌లో సౌత్ కరోలినాలో కాంబహీ నది మీద లింకన్ వైపు సైన్యానికి దారి చూపించి ఒక్క రాత్రిలో 700 మందికి పైగా విడుదలవ్వడానికి కారణమైంది, అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. లెక్క తప్పైతే సర్దుకోవచ్చు, నాకు మండేది ఆ మాటలో ఉన్న వెటకారం. తాము బానిసలమని వాళ్లకి తెలీదంట! 1849లో ఆవిడతో బయల్దేరిన సొంత అన్నదమ్ములే భయమేసి వెనక్కి తిరిగారు, రేచల్ అనే తోబుట్టువైతే పిల్లల్ని వదిలేసి రానంది, చివరికి అక్కడే చనిపోయింది. తెలీక ఆగిపోయినవాళ్లా వీళ్లు?

అపోహ: బానిసలకి చదువెక్కడిది, ఆ పుస్తకాలన్నీ తెల్లవాళ్లు రాసి వాళ్ల పేరు పెట్టినవే.

ఈ అనుమానం ఇప్పటిది కాదు, ఆ పుస్తకాలతోనే పుట్టింది. ఫిలిస్ వీట్లీని చూడండి, 1761లో ఏడెనిమిదేళ్ల పిల్లగా బోస్టన్‌లో దిగింది, తెచ్చిన ఓడ పేరు ఫిలిస్, కొనుక్కున్నవాళ్ల ఇంటిపేరు వీట్లీ, ఆ రెండూ కలిపి అదే ఆ పిల్ల పేరైపోయింది. 1773లో ఆమె పద్యాల పుస్తకం లండన్‌లో అచ్చయినప్పుడు, ఇవి నిజంగా ఈ అమ్మాయే రాసిందని నమ్ముతున్నాం అంటూ బోస్టన్ పెద్దమనుషులు 18 మంది ఇచ్చిన సర్టిఫికెట్ కూడా అందులో వేయాల్సొచ్చింది. ఏ తెల్ల కవినైనా అలా అడిగారా ఎప్పుడైనా?

ఇక బానిసత్వం నుంచి పారిపోయొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్. చిన్నప్పుడు బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు మొదలుపెట్టింది, మొగుడొచ్చి ఆపించేశాడు, చదువొస్తే ఇక బానిసగా పనికిరాడని. ఆ మాట పిల్లాడి ముందే అన్నాడు పాపం, దాంతో ఆ పిల్లాడికి చదువు విలువేంటో ఒక్క దెబ్బతో అర్థమైపోయింది. ఓడలు కట్టే చోట వడ్రంగులు ఒక్కో దుంగ చెక్కగానే అది ఓడలో ఎక్కడికెళ్లాలో దానిమీద అక్షరం గీసేవాళ్లు, ఎడమ వైపుదైతే ఎల్, కుడి వైపుదైతే ఎస్, ముందు భాగానికి ఎఫ్, వెనక భాగానికి ఏ. ఆ నాలుగూ చూసి చూసి నేర్చేసుకున్నాడు. ఆ తర్వాత వీధిలో రాయడం వచ్చిన పిల్లాడు కనపడితే నీ అంత బాగా నేనూ రాయగలను అనేవాడు, ఏదీ రాయి చూద్దాం అంటే ఈ నాలుగక్షరాలు గీసి, ఇప్పుడు నువ్వు ఇంకా బాగా రాసి చూపించు అనేవాడు. వాడు పంతానికి పోయి రాసి చూపించిందల్లా ఇతనికి పాఠం. నేలా, గోడలూ నోటుబుక్కు, సుద్దముక్క పెన్ను. 1845లో పుస్తకం వేసినప్పుడు స్వయంగా తానే రాసిందని టైటిల్ పేజీలోనే అచ్చు వేయించాడు, యజమానుల పేర్లూ ఊర్ల పేర్లూ దాచకుండా రాసేశాడు. అబద్ధం కాదని నిరూపించుకోవడానికి అంత రాయాల్సొచ్చింది, అంత రాసినందుకే పట్టుకుపోతారేమోనని సముద్రం దాటి ఐర్లాండ్, ఇంగ్లండ్ వెళ్లాల్సొచ్చింది. 1846లో అక్కడి స్నేహితులు డబ్బు పోగేసి చట్టప్రకారం ఆయన్ని కొని విడిపించారు.

హ్యారియట్ జేకబ్స్ కథ ఇంకా ఘోరం. యజమాని వేధింపులు తప్పించుకోవడానికి నార్త్ కరోలినాలో అమ్మమ్మ ఇంటి అటకమీద దాదాపు ఏడేళ్లు దాక్కుంది. పొడవు 9 అడుగులు, వెడల్పు 7, ఎత్తు బాగా ఎక్కువున్న చోట 3 అడుగులు. నేను క్లాసులో టేపు పెట్టి కొలిచి చూపిస్తా, బెంచీ కింద దూరమంటా, అప్పుడుగానీ ఏడేళ్లంటే ఏంటో పిల్లలకి ఎక్కదు. చేతికి దొరికిన బరమాతో చెక్కకి బెజ్జాలు చేసుకుని కింద ఆడుకుంటున్న సొంత పిల్లల్ని చూసుకునేది, వాళ్లకేమో అమ్మ పైనే ఉందని తెలీదు. 1861లో లిండా బ్రెంట్ అనే మారుపేరుతో ఇదంతా రాస్తే పండితులు చాలాకాలం దాన్ని నవల అని కొట్టిపారేశారు, 1980లలో జీన్ ఫేగన్ యెలిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలూ రికార్డులూ వెతికి తీసి ఇది జేకబ్స్ సొంత జీవితమే, సొంత రాతే అని నిరూపించేదాకా. తెల్లవాళ్ల చెయ్యి అసలు పడలేదని నేననను, ఎడిటర్ లిడియా మరియా చైల్డ్ సలహా మీద చివర్లో ఒక చాప్టరే తీసేశారు. ఎడిట్ చేయడం వేరు, రాసిపెట్టడం వేరు, అంతే.

అపోహ: పొలాల్లో పాటలు పాడుకునేవాళ్లు కదా, మరీ అంత కష్టంగా ఏముంటుందిలే.

దీనికి జవాబు డగ్లసే ఇచ్చేశాడు, బానిసలు బాగా దుఃఖంలో ఉన్నప్పుడే ఎక్కువ పాడతారని. ఆ పాటల్ని సంతోషం అనుకునేవాళ్లని చూసి నివ్వెరపోయానని కూడా రాశాడు.

అపోహ: నోరెత్తకుండా భరించారు.

ఇది నమ్మేవాళ్లకి నేను కథలూ కవితలూ ఇవ్వను, పారిపోయినవాళ్ల కోసం యజమానులే పేపర్లో వేయించిన ప్రకటనలు ఇస్తా. అవి వేల సంఖ్యలో ఉన్నాయి. మిగతా అన్నిచోట్లా మావాళ్లు హాయిగా ఉన్నారని రాసే యజమాని ఇక్కడ మాత్రం నిజం రాయక తప్పదు, ఎందుకంటే తప్పు రాస్తే మనిషి దొరకడు. అందుకే వీపు మీద మచ్చలు, నత్తి, ఏ పని వచ్చు, రాయడం వచ్చు కాబట్టి దొంగ పాస్ (బయట తిరగడానికి యజమాని ఇచ్చే చీటీ) రాసుకుని ఉండొచ్చు, ఫలానా చోట పెళ్లాం ఉంది అక్కడికే పోయుంటాడు, అన్నీ చెప్పేస్తారు.

1796 మేలో ఫిలడెల్ఫియాలో వచ్చిన ఒక ప్రకటన చూడండి. ప్రెసిడెంట్ గారింటి నుంచి ఓనీ జడ్జ్ అనే అమ్మాయి పారిపోయింది, మొహం నిండా మచ్చలు, నల్లటి కళ్లు, గుబురు జుట్టు, పట్టిస్తే 10 డాలర్లు. ప్రెసిడెంటంటే జార్జ్ వాషింగ్టనే. వెళ్తుందని అనుమానమే రాలేదు, వెళ్లాల్సినంత కారణమూ ఏం లేదు అని అందులోనే రాశారు. యాభై ఏళ్లు గడిచాక ఆవిడే ఇంటర్వ్యూ ఇచ్చి కారణం చెప్పింది, వర్జీనియాకి తిరిగెళ్తే ఇక జన్మలో విడుదలవ్వనని తెలుసు, అందుకే వాళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు బయటికి నడిచేశానని. మార్తా వాషింగ్టన్ తనని మనవరాలికి ఇచ్చేస్తుందని కూడా ఆవిడకి తెలిసిపోయింది. న్యూ హ్యాంప్‌షైర్‌లో పేదరికంలోనే బతికి 1848లో చనిపోయింది, చట్టప్రకారం ఆఖరిదాకా పారిపోయిన బానిసే.

అపోహ: అంకుల్ టామ్ అంటే తెల్లవాళ్ల కాళ్లు పట్టుకునే రకం.

ఆ పేరుని తిట్టుగా వాడేవాళ్లలో నూటికి తొంభై మంది నవల చదవలేదని నా గట్టి నమ్మకం. 1852లో హ్యారియట్ బీచర్ స్టో పుస్తకంగా వేసిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' అనే ఆ నవల్లో టామ్ చచ్చిపోయేదే, పారిపోయిన ఇద్దరు ఆడవాళ్లు ఎక్కడున్నారో చెప్పనని మొండికేసి దెబ్బలు తిని. ఊరూరా ఆడిన నాటకాలు అతన్ని ముసలాణ్ణి చేసి, నంగిరివాణ్ణి చేసి నవ్వులాటకి వాడుకున్నాయి, జనానికి ఆ టామే మిగిలాడు. నవలలో లోపాలు బోలెడున్నాయి, అది వేరే క్లాసు.

అపోహ: 1863లో లింకన్ ఒక్క సంతకంతో అందర్నీ విడిపించేశాడు.

ఆ ప్రకటన దేశం నుంచి విడిపోతామని తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాలకే. యూనియన్‌తోనే, అంటే లింకన్ ప్రభుత్వంతోనే ఉన్న డెలావేర్, మేరీల్యాండ్, కెంటకీ, మిస్సోరిలకి వర్తించనే లేదు. దేశమంతా రద్దయ్యింది 1865 డిసెంబర్‌లో రాజ్యాంగం 13వ సవరణతో, అందులోనూ నేరానికి శిక్షగా తప్ప అని ఒక మెలిక పెట్టారు, ఆ మెలికని పట్టుకుని ఖైదీలని కంపెనీలకి అద్దెకిచ్చి పనిచేయించారు.

అపోహ: ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్లలో ఎక్కువమంది అమెరికాకే వచ్చారు.

అట్లాంటిక్ మీద ఓడలెక్కించింది సుమారు 1.25 కోట్ల మందిని, ప్రాణాలతో దిగింది దాదాపు 1.07 కోట్లు. అందులో ఉత్తర అమెరికాకి నేరుగా వచ్చింది 4 లక్షల లోపే, బ్రెజిల్‌కి 50 లక్షలకి దగ్గరగా. మరి 1860 నాటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలు ఎలా ఉన్నారంటే, 1662లో వర్జీనియా చేసిన చట్టం చూడాలి. తల్లి బానిసైతే బిడ్డ బానిస, తండ్రి ఎవడైనా సరే, యజమానే అయినా సరే. జేకబ్స్ అటక ఎందుకెక్కిందో ఈ ఒక్క లైను తెలిస్తేగానీ అర్థం కాదు.

చివరిది, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది.

అపోహ: ముసలివాళ్లే చెప్పారుగా, ఆ రోజులే బాగుండేవని.

1936-38 మధ్య ప్రభుత్వం మాజీ బానిసల దగ్గరికి మనుషుల్ని పంపి 2,300కి పైగా జ్ఞాపకాలు రాయించింది. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, చెప్పినవాళ్లు ఆకలికాలంలో ఉన్న పండు ముసలివాళ్లు. చార్ల్‌స్టన్‌లో సూజన్ హామ్లిన్ అనే ఆవిడతో ఇద్దరు మాట్లాడారు. వచ్చిన తెల్లావిడ సహాయం ఇచ్చే వెల్ఫేర్ ఆఫీసు మనిషనుకున్నట్టుంది, మా యజమాని ఫుల్లర్ మంచివాడు అని చెప్పింది. అదే అగస్టస్ లాడ్సన్ అనే నల్ల ఇంటర్వ్యూయర్ వెళ్తే కొరడా దెబ్బలు, బిడ్డల్ని అమ్మేస్తుంటే తల్లుల ఏడుపులు, రాత్రి పెళ్లయిన పిల్లని పొద్దున్నే అమ్మేస్తే ఆ పిల్ల తల్లి వీధిలోకొచ్చి తెల్ల యజమానురాలిని బండబూతులు తిట్టిన సంగతి, అన్నీ చెప్పింది. రికార్డుల్లో ఒకచోట ఇంటిపేరు హామ్లిన్ అని ఉంటుంది, ఇంకోచోట హ్యామిల్టన్ అని.

ఈ రెండు కాగితాలూ జిరాక్స్ తీసి, పైనున్న పేర్లు కొట్టేసి పిల్లలకిస్తా. వేర్వేరు మనుషులని అందరూ ఒప్పేసుకున్నాక పేర్లు చూపిస్తా.