హౌస్‌ఫుల్ బోర్డు పెడితే ఓనరుకు పండగేనా?

మాది చిన్న పట్టణంలో ఒకే తెర ఉన్న హాలు. "ఇంకెన్నాళ్లండీ, ఫంక్షన్ హాలు చేసేయండి" అని తెలిసినవాళ్లందరూ సలహా ఇస్తుంటారు. ఈ వ్యాపారం గురించి జనం నమ్మే కొన్ని మాటలకు నా జవాబులివి.

అపోహ: పెద్ద హీరో సినిమా పడితే ఓనరు పంట పండినట్టే.

వాస్తవం: మన రెండు రాష్ట్రాల్లో సింగిల్ స్క్రీన్లు పెద్ద సినిమాలను ఎక్కువగా అద్దె పద్ధతిలోనే ఆడిస్తాయి. వారానికి ఇంతని ముందే మాట్లాడుకుంటారు. హాలు కిటకిటలాడినా మాకు వచ్చేది ఆ అద్దే. టికెట్ రేటు పెంచుకోమని ప్రభుత్వం అనుమతిచ్చినా ఆ పైడబ్బు మా గల్లాలో పడదు. రెండో వారం జనం పలచబడ్డాక మాత్రం పర్సంటేజీ, అంటే వసూళ్లలో వాటా, అంటారు. మల్టీప్లెక్సులకు మొదటి రోజు నుంచే పర్సంటేజీ. జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని 2025 మేలో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, అన్నది ఈ తేడా గురించే. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నా, సమస్య అక్కడే ఉంది.

అపోహ: థియేటర్‌ను ఓటీటీ చంపేసింది.

వాస్తవం: దెబ్బ కొట్టిన మాట నిజమే. నాలుగు వారాలకే ఫోన్‌లోకి వస్తుందంటే ఎవరైనా ఆగుతారు. కానీ మమ్మల్ని ఎక్కువగా ముంచేది సరైన సినిమా లేని వారాలు. 2024 మేలో ఎన్నికలు, ఐపీఎల్ నడుస్తుంటే పెద్ద విడుదలలు లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్లు మూసుకున్నాయి.

అలాంటి వారంలో మంగళవారం మ్యాట్నీకి పది టికెట్లు కూడా తెగవు. ఆపరేటర్ వచ్చి "షో వేద్దామా సార్?" అంటాడు. వేస్తే కరెంటు ఖర్చు కూడా రాదు. డబ్బు వాపసిచ్చి పంపేస్తే, పక్క ఊరి నుంచి ఆటో కట్టించుకుని పిల్లలతో వచ్చినవాళ్లు ఇంకోసారి మన గుమ్మం తొక్కరు. నేను వేయమనే చెబుతాను.

అపోహ: జనం రాకపోవడానికి టికెట్ రేటే కారణం.

వాస్తవం: మల్టీప్లెక్సుల సంగతి వేరు. మా దగ్గర రేటు కన్నా బాత్రూముల మీదే ఫిర్యాదులెక్కువ. అవి కంపు కొడితే ఆడవాళ్లు రారు, వాళ్లు లేకపోతే ఫస్ట్ షోకు కుటుంబాలే ఉండవు. ప్రొజెక్టర్ ల్యాంపు వాడాల్సిన గంటలు అయిపోయినా మార్చకుండా లాగించి, మసక బొమ్మ చూపించే హాళ్లూ ఉన్నాయి. అది తప్పే, సమర్థించను. 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ.100 వరకు టికెట్‌పై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. చిన్న ఊరి హాళ్లకు అది మంచి ఊరట.

అపోహ: సింగిల్ స్క్రీన్ల పని అయిపోయింది.

వాస్తవం: నగరాల్లో స్థలం ధరలు చూసి హాళ్లు అమ్ముకుంటున్న మాట నిజం. మా ఊళ్లలో మాత్రం కుటుంబమంతా కలిసి వెళ్లడానికి ఇప్పటికీ సినిమా హాలే దిక్కు. మొదటి రోజు నుంచి పర్సంటేజీ, ఓటీటీకి ఎనిమిది వారాల గడువు ఇప్పిస్తే, బాల్కనీ సీట్లన్నీ మార్పించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.