తెల్ల పొరకు నిమ్మ, జిడ్డుకు కుంకుడు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో బకెట్ల లోపలి అంచున, కుళాయి మూతి చుట్టూ, నీళ్లు కాచే హీటరు కడ్డీ మీద గరుకైన తెల్లని పొర పేరుకుంటుంది. సబ్బుతో ఎంత తోమినా అది వదలదు కాబట్టి చాలామంది దుకాణంలో దొరికే బాత్రూం యాసిడ్ తెచ్చుకుంటారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరి గొంతును, ఊపిరితిత్తులను మండిస్తుంది, ఒంటి మీద పడితే చర్మాన్ని కాలుస్తుంది. అదే పనిని నిదానంగా చేసే ఆమ్లాలు మన వంటింట్లోనే ఉన్నాయి. వాటిని ఎక్కడ వాడవచ్చో, ఎక్కడ వాడకూడదో తెలియాలంటే ముందు ఆ పొర సంగతి తెలుసుకోవాలి.

వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని, కొద్దిగా ఆమ్లగుణం పొంది, రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను బైకార్బనేట్ల రూపంలో కరిగించుకుంటుంది. ఆ నీళ్లను కాచినప్పుడు గాని, అవి ఆరిపోయినప్పుడు గాని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి, కరిగి ఉన్న కాల్షియం కాస్తా కాల్షియం కార్బనేట్‌గా మారి అంటుకుంటుంది. నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను, పళ్లను దెబ్బతీసే ఫ్లోరోసిస్‌తో ఇంతగా బాధపడిన ఈ నేల మీద ఆ తెల్లదనాన్ని చూసి ఫ్లోరైడ్ అని భయపడడం సహజమే గాని, ఫ్లోరైడ్ నీటిలో కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉందా లేదా అన్నది పరీక్షలోనే తేలుతుంది; పొర మందాన్ని బట్టి చెప్పలేము. నీళ్లను కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు కూడా.

కార్బనేట్‌కు ఆమ్లం తగలగానే బుడగలతో కార్బన్ డయాక్సైడ్ విడుదలై పొర కరుగుతుంది. నిమ్మరసంలో సుమారు 6 శాతం సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. నిమ్మతోటలున్న నకిరేకల్ వైపు మచ్చపడిన కాయలు దొరకడం కష్టమేమీ కాదు. ఇంట్లో పిండి పడేసే తొక్కలు కూడా ఈ పనికి వస్తాయి. కుళాయి మూతికి నిమ్మరసంలో తడిపిన గుడ్డ చుట్టి, అరగంట తరువాత పీచుతో రుద్ది కడిగితే పొర వదులుతుంది. మొండిగా ఉంటే మళ్లీ చుట్టాలి. ఆమ్లానికి సమయం ఇవ్వకుండా బలంగా రుద్దితే కుళాయి మెరుపు పోతుందే తప్ప ప్రయోజనం ఉండదు. రాగి బిందెల నలుపును చింతపండు తీయడంలో ఉన్నదీ ఇదే సూత్రం: చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది ఆక్సైడును కరిగించి లోహాన్ని బయటపెడుతుంది.

ఇక్కడే ఒక పెద్ద జాగ్రత్త ఉంది. దక్షిణ తెలంగాణలో ఎన్నో ఇళ్ల నేలకు పరిచినవి తాండూరు బండలు, షాబాదు బండలు. అవి సున్నపురాళ్లు, అంటే చాలామటుకు కాల్షియం కార్బనేటే. కుళాయి మీది పొరను కరిగించే నిమ్మరసం ఆ బండనూ కరిగిస్తుంది. నునుపు పోయి, గరుకుగా మారిన చోట మురికి మరింత పడుతుంది. పాలరాయికీ, సిమెంటు గచ్చుకూ ఇదే ముప్పు. వెనిగరుతో నేల తుడవమని చెప్పే చిట్కాలు మన బండలను దృష్టిలో పెట్టుకొని చెప్పినవి కావు. అలాంటి నేలకు గోరువెచ్చని నీళ్లు, జిడ్డు ఉన్నచోట కాస్త కుంకుడు రసం చాలు.

బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగ రాకపోవడానికి కారణం కూడా కాల్షియమే. అది సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి బట్టలకు, గోడలకు అంటుకుంటుంది. కుంకుడుకాయ తొక్కలో నురగనిచ్చే సాపోనిన్లు అనే పదార్థాలు కాల్షియానికి అంత సులువుగా చిక్కవు. వాటి అణువులో ఒక కొస నీటినీ, మరో కొస నూనెనూ పట్టుకుంటుంది కాబట్టి జిడ్డు లేచి నీటిలో కలుస్తుంది. గింజలు తీసిన పది పదిహేను కాయలను లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పావుగంట మరిగించి వడగడితే గిన్నెలకూ గచ్చుకూ సరిపోయే రసం వస్తుంది. రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది గనుక కొద్దికొద్దిగా కాచుకోవాలి. కంట్లో పడితే తీవ్రంగా మండుతుంది. సాపోనిన్లు చేపలకు విషం కాబట్టి ఆ నీళ్లను చెరువులోనో, చేపల తొట్టిలోనో పోయకూడదు. సహజమైనదంతా హాని లేనిదని నమ్మడం సరికాదు.

పూర్వం రజకులు బట్టలకు చౌడు, అంటే క్షారగుణమున్న మట్టి, పట్టించి బానలో ఉబ్బ వేసేవారు, అంటే ఆవిరితో ఉడికించేవారు. చౌడులోని సోడియం కార్బనేట్ నీటిలోని కాల్షియాన్ని ముందే విడగొట్టి, జిడ్డును కూడా వదులుచేస్తుంది. నేడు దుకాణాల్లో దొరికే బట్టల సోడా అదే పదార్థం. బాగా జిడ్డు పట్టిన స్టవ్వు చుట్టూ వేడినీళ్లలో చెంచాడు సోడా కలిపి తుడిస్తే మంచి ఫలితం ఉంటుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి. మనం సిల్వర్ అని పిలిచే అల్యూమినియం గిన్నెలను మాత్రం సోడా తినేస్తుంది, నల్లబరుస్తుంది. సోడానూ నిమ్మరసాన్నీ కలిపి వాడమనే సలహా కూడా ప్రచారంలో ఉంది. ఆ పొంగు చూడడానికి ఘనంగా ఉన్నా, క్షారమూ ఆమ్లమూ ఒకదాన్నొకటి చంపుకొని, చివరికి మిగిలేది పెద్దగా పస లేని లవణపు నీళ్లే. రెండింటినీ వేర్వేరు పనులకు, వేర్వేరుగా వాడాలి.

శుభ్రం చేయడం వేరు, క్రిములను చంపడం వేరు. ఇంట్లో ఎవరికైనా వాంతులో విరేచనాలో అయినప్పుడు నిమ్మనూ, కుంకుడునూ, వేపాకు నీళ్లనూ నమ్ముకోకూడదు. ముందు మురికిని తీసి కడిగి, ఆ తరువాత బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో తుడిచి, కిటికీలు తెరిచి ఉంచాలి. ఆ రోజు ఆ గదిలో నిమ్మరసం, వెనిగరు, బాత్రూం యాసిడ్ ఏదీ వాడకూడదు. బ్లీచింగ్‌కు ఆమ్లం తగిలితే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.