స్నేహితుడికి మైల లేదు

మా నాన్నగారు పోయినప్పుడు ఏం చేయాలో నాకు తప్ప అందరికీ తెలుసు. ఏ రోజున ఏ కార్యం, ఎవరు ఎన్నాళ్లు గుడికి వెళ్లకూడదు, పదకొండో రోజున ఎవరెవరిని పిలవాలి అన్నవి పెద్దవాళ్లు చెబుతూ ఉంటే నేను చేసుకుంటూ పోయాను. పరామర్శకు వచ్చిన ప్రతివారూ "ఎలా జరిగింది బాబూ?" అని అడిగారు. ప్రతివారికీ మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అన్నిసార్లు చెప్పడంలోనే నాన్నగారు లేరన్న మాట ముందు నా నోటికి, ఆ తరవాత మనసుకు అలవాటయిందని అప్పట్లో నాకు తెలియలేదు.

ముప్పై ఏళ్ల స్నేహితుడు పోయినప్పుడు ఇదేదీ జరగలేదు. విశాఖలోని జ్ఞానాపురం శ్మశానవాటిక నుంచి ఇంటికి వచ్చి, స్నానం చేసి, మర్నాడు పది గంటలకు ఆఫీసులో ఉన్నాను. నా కళ్లు ఎర్రగా ఉండటం చూసిన ఒక సహోద్యోగి సంగతి తెలుసుకుని, "మీకు ఏమవుతారు?" అని అడిగారు. స్నేహితుడన్నాను. "అయ్యో" అని, ఒక్క క్షణం ఆగి, ఫైలు తెరిచారు. ఆయన తప్పేమీ లేదు. చావు కబురు వినగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న అదే. దానికి వచ్చే జవాబును బట్టే ఎన్ని రోజులు మైల పట్టాలో, ఎన్నాళ్లు సెలవు పెట్టవచ్చో, నలుగురిలో ఎంత ఏడవవచ్చో తేలుతుంది. స్నేహితుడికి మైల లేదు, కాబట్టి స్నేహితుడి కోసం ఏడవడానికి కేటాయించిన రోజులూ లేవు.

అమెరికాకు చెందిన ఆచార్యుడు కెన్నెత్ డోకా 1989లో ఇటువంటి స్థితికి ఒక పేరు పెట్టారు. బాహాటంగా చెప్పుకోవడానికి వీలు లేక, చుట్టూ ఉన్నవారి గుర్తింపు లేక, ఓదార్పు అందక లోపలే ఉండిపోయే శోకాన్ని ఆయన హక్కు దక్కని దుఃఖంగా వర్ణించారు. కడుపులోనే పోయిన బిడ్డ కోసం తల్లి పడే బాధ, విడిపోయిన భర్త మరణించినప్పుడు మాజీ భార్యకు కలిగే బాధ, స్నేహితుల బాధ, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఇది కేవలం మర్యాదలకు సంబంధించిన లోపమైతే ఇంత చెప్పుకోనవసరం లేదు, కాని దీని జాడ ఆరోగ్యంలో కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఏటేటా అవే కుటుంబాలను పలకరించే ఒక పెద్ద సర్వే నుంచి 26,515 మంది వివరాలను పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. వారిలో దగ్గరి స్నేహితుడిని కోల్పోయినవారు 9,586 మంది. వారి శారీరక, మానసిక ఆరోగ్యాలూ, నలుగురితో కలిసిమెలిసి ఉండే తీరూ నాలుగేళ్ల వరకు దెబ్బతిన్నట్టు తేలింది. అంతకుముందే నలుగురిలో కలవడం తక్కువగా ఉన్నవారికి ఆ దెబ్బ మరింత గట్టిగా తగిలింది. ఈ చివరి మాట నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. నావంటి మగవాళ్లకు మనసు విప్పి మాట్లాడే మనిషి సాధారణంగా ఒక్కడే ఉంటాడు. అతను పోతే, ఆ దుఃఖం ఎవరితో చెప్పుకోవాలో ఆ మనిషే పోయినట్టు.

పోయినవారి కోసం మనసు వెదకడం ఎందుకు ఆగదన్న ప్రశ్నకు మెదడు గురించిన పరిశోధన కొంత జవాబు ఇస్తోంది. శోకంపై చాలాకాలంగా పనిచేస్తున్న శాస్త్రవేత్త మేరీ-ఫ్రాన్సెస్ ఓకానర్ వివరణ ప్రకారం, మనకు ఆత్మీయులైనవారు ఎక్కడ ఉంటారు, ఎప్పుడు కనిపిస్తారు, ఎంత దగ్గరగా ఉంటారు అన్న అంచనాలను మెదడు ఏళ్ల తరబడి పోగుచేసుకుంటుంది. మనిషి పోయాడన్న వార్త ఒక్క క్షణంలో తెలుస్తుంది, కాని ఆ అంచనాలు ఒక్క క్షణంలో చెరగవు. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడిచేవారి కోసం వాహనాలు ఆపేసిన వేళలో, కాళీమాత గుడి దాటగానే నా మెడ దానంతట అదే ఎడమవైపు తిరిగేది. స్టీలు ప్లాంటులో సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగిన రోజుల్లో కూడా నా స్నేహితుడు నిద్ర మానుకుని అక్కడికే వచ్చి నిలబడేవాడు. అతను పోయిన తరవాత ఎన్నో నెలలు మెడ తిరిగింది, అక్కడ ఎవరూ లేరు. పిచ్చి పట్టిందేమోనని భయపడ్డాను. అది పిచ్చి కాదని, అంచనా తప్పిన ప్రతిసారీ మెదడు కొత్త పాఠం కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నదని తెలిసిన తరవాత ఆ తిరిగే మెడ మీద నాకు కోపం పోయింది.

దుఃఖం అయిదు మెట్లుగా దిగుతుందన్న మాట బహుళ ప్రచారంలో ఉంది. మొదట నమ్మకపోవడం, తరవాత కోపం, బేరాలాడటం, కుంగుబాటు, చివరకు అంగీకారం. 1969లో మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ దీనిని రాసింది ప్రధానంగా మరణానికి చేరువైన రోగులతో మాట్లాడిన అనుభవంతో. ఆప్తులను పోగొట్టుకున్నవారందరూ ఇదే వరుసలో నడుస్తారని ఆ తరవాతి పరిశోధనలు నిరూపించలేదు. అయినా ఈ మెట్ల లెక్క ఎందరినో బాధపెడుతూనే ఉంది, "నాకింకా కోపం రాలేదు, నాలో ఏదో లోపం ఉంది" అనుకునేవారిని నేను స్వయంగా చూశాను. 1999లో నెదర్లాండ్స్ పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ స్కుట్ ప్రతిపాదించిన నమూనా అనుభవానికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది. వారి ప్రకారం మనిషి రెండు పనుల మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉంటాడు. ఒకటి పోయినవారిని తలుచుకుని ఏడవడం, రెండోది కరెంటు బిల్లు కట్టడం, పిల్లల ఫీజు చూసుకోవడం, కొత్త అలవాట్లు చేసుకోవడం. ఏదో ఒక పక్కనే ఉండిపోవడం మంచిది కాదు. పెళ్లి భోజనంలో నవ్విన మనిషి ఆ రాత్రి దిండులో ముఖం దాచుకుని ఏడిస్తే, ఆ రెండూ నిజమే, రెండూ అవసరమే.

నా విషయంలో ఏడుపు సి షిఫ్టులోనే వచ్చేది. పగలంతా బాగానే గడిచి, రాత్రి రెండు గంటలకు లేచి కూర్చునేవాడిని. అలా అయిదు నెలలు గడిచాక మా ఆవిడ బలవంతం మీద, వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో ఒక మేడ మీది గదిలో జరిగే గ్రూప్ థెరపీకి వెళ్లాను. వారానికి ఒక రోజు, గంటన్నర సేపు, పది వారాలు. ఎనిమిది మంది సభ్యులు, ఒక కౌన్సెలర్. అక్కడ విన్నది గడప దాటకూడదన్నది మొదటి నియమం, అందుచేత నా సంగతీ, అనుమతి అడిగి తీసుకున్న ఇంకొకరిద్దరి మాటలూ మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

రోగులను ఒకచోట కూర్చోబెట్టి చికిత్స చేయడం మనోవైద్యులతో మొదలుకాలేదు. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు పేద క్షయరోగులను వారానికొకసారి తరగతిలా సమావేశపరిచి విశ్రాంతి, ఆహారం, శుభ్రత గురించి చెప్పేవారు. ఒకే జబ్బు ఉన్నవారు ఒకచోట చేరినప్పుడు ఒకరి ధైర్యం మరొకరికి అందుతుందని ఆయన గమనించారు. ఆ తరవాత ఇర్విన్ యాలోమ్ అనే మనోవైద్యుడు బృందంలో పనిచేసే అంశాలను విడివిడిగా వివరించారు. వాటిలో "ఇది నా ఒక్కడికే కాదు" అన్న ఎరుక ఒకటి, ఇతరులకు సాయపడటం వల్ల తనకు కలిగే మేలు మరొకటి. విశాఖవాసులకు మొదటిది కొత్తగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, కరెంటు లేని ఆ రాత్రుల్లో వీధి వీధంతా బయట కుర్చీలు వేసుకుని, ఎవరి ఇంటి రేకు ఎలా ఎగిరిందో, ఏ చెట్టు ఎటు పడిందో చెప్పుకున్నాం. ఒకే కథను పది మంది పది సార్లు చెప్పారు, పది సార్లూ విన్నాం. అప్పుడు ఎవరూ "ఇంకెన్నాళ్లు చెబుతారండీ" అనలేదు, ఎందుకంటే చెట్టు అందరిదీ కూలింది. ఒక్కడి చెట్టు కూలినప్పుడు ఆ వీధిని ఎవరో ఒకరు ఏర్పాటు చేయాలి. నాకు అర్థమైనంతలో గ్రూప్ థెరపీ చేసే పని ఇదే.

మొదటి రెండు వారాలు నేను నోరు విప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న సామెత వింటూ పెరిగినవాళ్లం, తెలియనివారి ముందు మాట్లాడటం సిగ్గుచేటనిపిస్తుంది. మూడో వారం, తన వేట జతగాడిని పోగొట్టుకున్న ఒక పెద్దాయన, తెప్ప మీద అతను కూర్చునే చోటును చేత్తో గాలిలో చూపిస్తూ, "ఆడు లేడంటే మనసు ఒప్పట్లేదు బాబూ" అన్నారు. నా మెడ సంగతి అప్పుడు చెప్పాను. ఆయన తల ఊపారు. కౌన్సెలర్ ఏ సలహా ఇవ్వలేదు.

ఆమె తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉండేది. ఎవరైనా "బాధగా ఉంది" అంటే, "అది బెంగా, దిగులా, కోపమా, చేయవలసింది చేయలేదన్న బాధా?" అని అడిగేవారు. ఇది మాటల కోసం అడిగే ప్రశ్న అనుకున్నాను. అయితే 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం జరిపిన ప్రయోగంలో, భయం, కోపం కనిపించే ముఖాల చిత్రాలను చూస్తూ ఆ భావానికి తగిన పేరును ఎంచుకున్నప్పుడు, మెదడులో భయానికి స్పందించే అమిగ్డాల అనే భాగం చురుకు తగ్గినట్టు తేలింది. పేరు పెట్టడం దానికదే కొంత ఉపశమనం. ఈ విషయంలో తెలుగువారు అదృష్టవంతులనే అంటాను. బెంగ అన్న మాటలో ఎదురుచూపు ఉంది, వెలితి అన్న మాటలో ఖాళీ అయిన చోటు ఉంది, గుబులు అన్న మాటలో రాబోయేదాని మీద భయం ఉంది. ఒకామె తన స్నేహితురాలితో రెండేళ్లు మాటలు లేకుండా ఉండగానే ఆ స్నేహితురాలు పోయిందని చెప్పారు. తనది బెంగ కాదని, తప్పు ఒప్పుకునే అవకాశం పోయిన బాధ అని గుర్తించడానికి ఆమెకు నాలుగు వారాలు పట్టింది. ఆ పేరు దొరికాకే ఆమె పోయిన స్నేహితురాలికి ఉత్తరం రాసి మా అందరి ముందూ చదవగలిగారు. ఆ తరవాతి వారం, చాలాకాలంగా మాటలు లేని తన చెల్లెలికి ఫోను చేశానని కూడా చెప్పారు. పోయినవారితో తెగిన మాటను కలుపుకునే ప్రయత్నం, ఉన్నవారితో తెగిన మాటను గుర్తుచేసింది. ఇటువంటి ఫోను చిన్న విషయం కాదు. 2010లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, బలమైన సంబంధాలు ఉన్నవారు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం ఇతరులకన్నా 50 శాతం ఎక్కువగా కనిపించింది.

గ్రూప్ థెరపీ అందరికీ అవసరమని నేను చెప్పబోవడం లేదు. దుఃఖం రోగం కాదు. చాలామంది కుటుంబం, కాలం, పని తోడుగా ఏ చికిత్సా లేకుండానే కోలుకుంటారు. అటువంటివారికి చికిత్స వల్ల అదనంగా ఒనగూరేది తక్కువేననీ, తీవ్రంగా కుంగినవారికే మేలు ఎక్కువనీ పరిశోధనల సారాంశం. సుమారు పదిమందిలో ఒకరికి మాత్రం శోకం తీవ్రత తగ్గకుండా, రోజువారీ బతుకును నడవనివ్వకుండా ఉండిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఆరు నెలలు దాటిన ఇటువంటి స్థితిని, అమెరికా మనోవైద్యుల సంఘం 2022 నాటి సవరణ పెద్దవారిలో పన్నెండు నెలలు దాటిన స్థితిని ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తున్నాయి. దానికి కాథరిన్ షియర్ రూపొందించినటువంటి ప్రత్యేక చికిత్సలు ఉన్నాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు గ్రూపు కోసం ఆగకూడదు, వెంటనే మనోవైద్యులను కలవాలి, లేదా ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఫోను చేయాలి. విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వాల్తేరు ఆసుపత్రి పేరును ఎగతాళిగా వాడటం మన ప్రాంతంలో తరతరాలుగా ఉన్న చెడ్డ అలవాటు. ఆ ఒక్క మాటకు భయపడి గేటు దాకా వచ్చి వెనుదిరిగినవారు ఎందరో అని తలుచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఏడో వారం, పోయినవారి వస్తువు ఏదైనా తీసుకురమ్మన్నారు. మరచిపోవడమే కోలుకోవడమన్న పాత అభిప్రాయం ఇప్పుడు బలంగా లేదు. 1996లో డెనిస్ క్లాస్, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి, పోయినవారితో అనుబంధం రూపు మార్చుకుని కొనసాగడం చాలామందిలో సహజమేనని వాదించారు. ఏటా తద్దినం పెట్టే మన పెద్దలకు ఈ మాట వింతగా తోచదు, కాని స్నేహితుడికి తద్దినం పెట్టే అధికారం నాకు లేదు. నా దగ్గర ఉన్నది అరచేతిలో ఇమిడే ఒక చిన్న నోటు పుస్తకం. నడక అయ్యాక తాగే టీకి ఎవరు డబ్బులిచ్చారో అతను అందులో రాసేవాడు. ఎడమవైపు అతని పొడి అక్షరం, కుడివైపు నాది, మధ్యలో బాల్‌పెన్నుతో చేత్తో గీసిన గీత, అదీ వంకరగా. కొన్ని పేజీల మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. మరమరాలతో చేసే మూరీ మిక్చర్ తిన్న రోజు పక్కన చుక్క పెట్టేవాడు. నేను అదంతా చెబుతూ ఉంటే, వేటకు వెళ్లే ఆ పెద్దాయన పుస్తకం చేతిలోకి తీసుకుని, "అయితే ఎవురు ఎవురికి బాకీ?" అని అడిగారు. ఎనిమిది మందిమీ కలిసి కూడాము. అతను నాకు నలభై రూపాయలు బాకీ. అతను పోయాక నలుగురిలో గట్టిగా నవ్వడం నాకు అదే మొదటిసారి, నవ్వుతూ ఉండగానే ఏడుపూ వచ్చింది, ఎవరూ నీళ్లు తెచ్చి ఇచ్చి ఆపమనలేదు. పది వారాల్లో ఆ గదిలో ఎవరూ నన్ను "మీకు ఏమవుతారు?" అని అడగలేదు. ఎలా ఉండేవారు, ఏమనేవారు, దేనికి కోప్పడేవారు అని అడిగారు.

అతను పోయిన దగ్గర నుంచి వాళ్లింటికి వెళ్లడానికి నాకు ముఖం చెల్లేది కాదు. నేను వెళితే అతని భార్యకు పాత రోజులు గుర్తుకొచ్చి బాధపడుతుందని సర్దిచెప్పుకునేవాడిని. ఆమె ఏ రోజున మరిచిపోయిందని నేను గుర్తుచేయడం! పదో వారం అయ్యాక ఒక ఆదివారం గాజువాక బస్సెక్కి వెళ్లి, ఆ నోటు పుస్తకం ఆమె ముందు పెట్టి, బాకీ సంగతి చెప్పాను. ఆమె పేజీలన్నీ మెల్లగా తిరగేసి, చుక్కలు పెట్టిన చోట ఆగి, "టీ ఒక్కటే తాగానని నాతో అనేవారు అన్నయ్యా, షుగరు ఉండగా ఈ మిక్చర్లేమిటి?" అన్నారు. తరవాత లోపలికి వెళ్లి, నేను ఎన్నడూ చూడని ఇంకో నోటు పుస్తకం తీసుకొచ్చారు.