బీట్‌రూట్ జ్యూస్‌తో రక్తం పడదు: టీనేజ్ పిల్లల తిండి మీద అపోహలు - వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల ఇంటర్ కాలేజీలు, హాస్టళ్లు ఎక్కువ. డైటీషియన్‌గా నా దగ్గరికి వచ్చే తల్లుల నోట ఒకటే మాట: "రోజూ బీట్‌రూట్ జ్యూస్ తాగిస్తున్న మేడమ్, అయినా పిల్లకు రక్తం పడ్తలేదు." విని విని విసుగొచ్చి ఇది రాస్తున్నా. విసుగు ఆ తల్లుల మీద కాదు, వాట్సాప్‌లో తిరిగే ఎర్రరంగు వైద్యం మీద.

అపోహ: ఎర్రగా ఉన్నది తింటే రక్తం పెరుగుతుంది.

వాస్తవం: బీట్‌రూట్ ఎరుపుకూ, రక్తానికి కావాల్సిన ఇనుముకూ (ఐరన్) సంబంధం లేదు. వంద గ్రాముల దుంపలో ఐరన్ ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. దానిమ్మలో ఇంకా తక్కువ. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 16-18 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 32 మిల్లీగ్రాములు కావాలి. బీట్‌రూట్‌తోనే సరిపెట్టాలంటే రోజూ మూడు కిలోలు తిన్నా చాలదు. పైగా కూరగాయల్లోని ఐరన్‌లో ఒంటికి పట్టేది కొంచెమే.

జ్యూస్ తాగితే నష్టమేం లేదు, తాగనివ్వండి. పోయేది కాలం. హిమోగ్లోబిన్ 10 ఉన్నప్పుడు మొదలైన జ్యూస్ వైద్యం, 8కి దిగాక నా దగ్గర తేలుతుంది. ఈలోపు పిల్ల క్లాసులో కునుకు తీస్తుంటే "ఫోన్ ఎక్కువైంది" అని తిట్లు. దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి 'మా ఇంట్లో ఎందుకుంటుంది' అనుకోకండి.

ఒక ఎంపీసీ అమ్మాయి గుర్తొస్తోంది. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకునేది. "పెళ్లికి వాన పడ్తది పో" అని నాయనమ్మ నవ్వేదట. బియ్యం, బలపాలు, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపించడం ఐరన్ లోపానికి గుర్తు కావచ్చు. ఆ పిల్ల హిమోగ్లోబిన్ 7.9. డాక్టర్ మాత్రలు రాశారు, అమ్మ క్రమం తప్పకుండా వేసింది కూడా. కాకపోతే వేడి చేస్తాయని పాలతో వేసింది! పాలలోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. దానికి తోడు పొద్దున ఇడ్లీ తిన్న వెంటనే చాయ్, సాయంత్రం మళ్లీ బిస్కెట్లతో చాయ్.

చాయ్ సంగతి ఈ ఊళ్లో చెప్పడం కష్టమే. అయినా చెప్పక తప్పదు: భోజనానికి, టిఫిన్‌కి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. 2024లో వచ్చిన జాతీయ ఆహార మార్గదర్శకాల్లోనూ ఇదే మాట ఉంది. ఆ పిల్లకు మేం మార్చింది పెద్దగా ఏం లేదు. మాత్ర నిమ్మరసంతో, చాయ్ నాలుగున్నరకు. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని అడిగితే గానీ చెప్పలేదు, గైనకాలజిస్టుకు చూపించాం. మూడు నెలలకు 11 దాటింది. అప్పుడు కూడా మాత్రలు ఆపలేదు. ఒంట్లో నిల్వలు నిండాలి కాబట్టి డాక్టర్ ఆపమనేదాకా వేసుకోవాలి. మాత్రలతో మలం నల్లగా వస్తుంది, భయపడి మానేయొద్దు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవచ్చా అని డాక్టర్‌నే అడగండి, పక్కింటావిడను కాదు. ప్రభుత్వ బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర రక్తహీనత రాకుండా వేసేది. ఇప్పటికే ఉన్నవాళ్లకు అది సరిపోదు.

తిండిలో ఏం పెట్టాలి? తినేవాళ్లయితే మటన్, కార్జం, చేపలు. వాటిలోని ఐరన్ బాగా పడుతుంది. తిననివాళ్లకు తోటకూర పప్పు, శనగలు, బొబ్బర్లు, సజ్జ రొట్టె, పక్కన తప్పకుండా నిమ్మచెక్కో జామకాయో. విటమిన్ సి లేకపోతే ఆకుకూర కష్టం సగం వృథా. పాలు, పెరుగు వేరే పూట. చెంచా బెల్లం, రెండు ఖర్జూరాలు రుచికి బాగుంటాయి, అంతే.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తా.

అన్నం మానితే సన్నబడతారు: ఎదిగే వయసులో అన్నం మానిన పిల్ల సాయంత్రం ఎగ్ పఫ్, మిర్చి బజ్జీ తింటుంది. అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర పెంచండి. నెలసరి ఆగిపోయేంత డైటింగ్ అయితే అది డాక్టర్ చూడాల్సిన విషయం.

పాలల్లో కలిపే పొడి బలం: డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదవండి. ఇలాంటి వాటిని 'హెల్త్ డ్రింక్' వర్గం నుంచి తీసేయమని 2024లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది.

గుడ్డు వేడి చేస్తుంది: చేయదు. మే నెలలో కూడా.

జిమ్‌కి వెళ్లే అబ్బాయికి ప్రోటీన్ పౌడర్ కావాలి: 16-18 ఏళ్ల అబ్బాయికి రోజుకు 55 గ్రాముల ప్రోటీన్ చాలు. రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, పెరుగు, గుప్పెడు పల్లీలు, వారంలో రెండుసార్లు చికెన్ తినే ఇంట్లో అది మామూలు భోజనంలోనే దాదాపు వచ్చేస్తుంది. వేల రూపాయల డబ్బా కొనేముందు వాడు పొద్దున ఏం తిని బయల్దేరుతున్నాడో ఒక వారం చూడండి. చాలా ఇళ్లలో జవాబు: ఒక కప్పు చాయ్.