పరీక్షకు చుట్టాలు

బరంపురం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీరు వచ్చినప్పుడు ఒక కార్యాలయం గుమ్మం మీద ఒడియాలో ‘నిరీక్షక’ అని రాసి ఉన్న పలకను చదివి, “లోపలాయన ఎవరి కోసం ఎదురుచూస్తున్నాడు తాతా?” అని అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గాని, జవాబు బాకీ ఉండిపోయింది. ఒడియాలో నిరీక్షకుడంటే తనిఖీ చేసే అధికారి. గుమ్మం బయట బల్ల మీద కూర్చుని గంటసేపు మనం చేసినది మాత్రం అచ్చంగా తెలుగు నిరీక్షణ.

రెండింటికీ మూలం చూడటమనే అర్థమున్న ‘ఈక్ష్’ అనే సంస్కృత ధాతువే. అదే చూపు వాళ్ళకు తనిఖీ అయింది, మనకు దారి వంక మళ్ళి ఎదురుచూపుగా స్థిరపడింది. వాళ్ళు కాస్త ఆగమనడానికి ‘అపేక్షా కరంతు’ అంటారు. మనకేమో అపేక్ష అంటే కోరిక. అదీ ఈ ధాతువు బిడ్డే.

మీరు భయపడే పరీక్ష కూడా ఈ ఇంటిదే. ‘పరి’ అంటే చుట్టూ. పరిధి, పరిసరాలు, పరివారం అన్న మాటల్లో ఉన్నదీ అదే. పరి, ఈక్ష సవర్ణదీర్ఘ సంధితో కలిసి పరీక్ష అయింది గనుక, వస్తువును ఒక్క వైపు నుంచి కాక చుట్టూ తిరిగి చూడటమే దాని అసలు అర్థం. మూడు గంటల్లో కాగితాలు నింపడం ఆ మాటకు తరువాత తగులుకున్న పని. ఇదే ప్రాకృతంలో ‘పరిక్ఖా’ అయి, మనకు ‘పరికించు’ను, హిందీకి ‘పరఖ్’ను, ఒడియాకు ‘పరఖిబా’ను ఇచ్చింది. మీ నాయనమ్మ ‘పరకాయించి చూడు’ అంటుందే, ఆ మాట హిందీ దారిన తిరిగి మన ఇంటికి చేరింది.

ఆవిడ పాత గాజు మార్చడానికి వెళ్ళిన రోజు కంసాలి దాన్ని నల్లని గీటురాయి మీద గీసి, ఆ పసుపు గీత మీద ఒక్క చుక్క ఆమ్లం వేసి, రాయిని దీపం కిందికి వంచాడు. ఇత్తడయితే గీత కరిగిపోతుంది, బంగారమయితే నిలుస్తుంది. ఆయన ఒడియాలో “పరఖి దేఖిబా”, అంటే పరీక్షించి చూద్దాం, అన్నాడు. నాయనమ్మ “బాగా పరకాయించండి” అంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై ఈ ఊరు మద్రాసు నుంచి విడిపోయినా, ఇద్దరూ ఒకే మాటను చెరొక రూపంలో పలుకుతూనే బేరం సాగించారు. గీత నిలిచింది. తరుగు దగ్గర మాత్రం ఇప్పటికీ మాట కుదరలేదు.

మీ తాతయ్య