అచ్యుతాపురం చొక్కాకు అనకాపల్లిలో దిగుమతి సుంకం

ఎగుమతుల కోసం పెట్టిన ప్రత్యేక ఆర్థిక మండళ్ల (సెజ్‌ల)లోని తయారీ యూనిట్లు తగ్గించిన సుంకంతో దేశంలోనూ సరుకు అమ్ముకోవచ్చని 2026 బడ్జెట్‌లో ప్రకటన రాగానే విశాఖ దగ్గరి దువ్వాడ, అచ్యుతాపురం సెజ్‌లు మళ్లీ చర్చకొచ్చాయి. వెయ్యి ఎకరాల్లో శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ దుస్తుల నగరం, 60 వేల ఉద్యోగాల మాట, నిర్వాసితుల గొడవ విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ కుట్టిన సరుకును దేశంలో అమ్మితే దిగుమతి సుంకం కట్టాలన్న పేచీ మూలం మాత్రం 2011లో ఉంది.

ముందు కంచె సంగతి. 2005 నాటి సెజ్ చట్టం 53వ సెక్షన్ ప్రకారం సుంకాల లెక్కలో సెజ్ దేశం బయటే. 30వ సెక్షన్ ప్రకారం గేటు దాటి ఇటు వచ్చే సరుకంతా దిగుమతి. దిగుమతి పత్రం (బిల్ ఆఫ్ ఎంట్రీ) వేయాలి, కస్టమ్స్ అధికారి మదింపు చేయాలి, డబ్బు కట్టాకే లారీ కదలాలి. 20 శాతం సుంకం పడే చొక్కా విలువ 500 రూపాయలైతే సుంకం 100, దానిమీద సర్‌ఛార్జి మరో 10. జీఎస్టీ వేరు. గుడ్డ తమిళనాడుది, కుట్టిన చేతులు ఎలమంచిలివి అయినా లెక్క మారదు. సెజ్ బయటి ఎగుమతి యూనిట్‌కు (ఈఓయూ) ఈ తిప్పలు లేవు. దిగుమతి ముడిసరుకు మీద మిగుల్చుకున్న సుంకం వెనక్కి కడితే సరిపోతుంది.

ఇక 2011. ఏప్రిల్‌లో సెజ్ యూనిట్లకూ కనీస ప్రత్యామ్నాయ పన్ను (మ్యాట్) వర్తించింది, 18.5 శాతం. పదిహేనేళ్ల పన్ను రాయితీ చూసి వచ్చినవాళ్లకు అది మొదటి దెబ్బ. సెప్టెంబరులో బంగ్లాదేశ్ నుంచి వచ్చే 46 రకాల వస్త్ర ఉత్పత్తులకు ఢిల్లీ సుంకం ఎత్తేసింది, నవంబరుకల్లా మద్యం, పొగాకు వంటివి తప్ప దాదాపు అన్నింటికీ. ఢాకా చొక్కాకు సున్నా, అచ్యుతాపురం చొక్కాకు 110. (2025 మేలో బంగ్లా దుస్తులను నవాషెవా, కోల్‌కతా రేవులకే పరిమితం చేశారు. దారి మారింది, సుంకం మారలేదు.)

ఎగుమతులు బాగున్నంత కాలం ఇది ఎవరికీ పట్టలేదు. 2025 ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరాక పట్టింది. ఆర్డరు ఆగితే కుట్టు లైను ఖాళీ. ఖాళీ లైను మీద దేశీయ బ్రాండ్లకు కుట్టిపెడదామంటే, బయటివాళ్లకు చేసే జాబ్‌వర్క్ ఎగుమతి కోసమైతేనే నిబంధనలు ఒప్పుకుంటాయి. అలా షిఫ్టు తగ్గితే ముందు ఇంటికెళ్లేది పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలే.

సుంకం లేని యంత్రాలతో, పన్ను రాయితీతో పెరిగినవాళ్లను దేశీ మార్కెట్లోకి వదిలితే బయటి మిల్లులకు అన్యాయమన్నది అవతలి వాదన. అయితే 2020 తర్వాత మొదలైన యూనిట్లకు ఆ ఆదాయపు పన్ను రాయితీ లేదు.

2022 బడ్జెట్‌లో సెజ్ చట్టం స్థానే కొత్తది తెస్తామన్నారు. రాలేదు. ఇప్పటి వెసులుబాటు ఒక్కసారికే, అదీ ఎగుమతుల్లో కొంత నిష్పత్తికి మించకుండా. ఆ నిష్పత్తిని అదే ఏడాది ఎగుమతుల మీద లెక్కిస్తే, అవి పడిపోయి దేశీ అమ్మకం అవసరమైన ఏడాదే ఆ పరిమితీ కుంచించుకుపోతుంది.